రాయపురంలో కొంగుముడి

కూతుర్ని మద్రాసు రాయపురంలో ఇవ్వచ్చో లేదో పేట చూసి పెళ్లికొడుకు వాళ్లకు చెబుతానని, తల్లి ఆమెను వెంటబెట్టుకుని పులికాటు నుంచి వచ్చింది. పిల్ల తప్పిపోతుందన్న భయంతో తన కొంగును దాని పైటకు ముడివేసింది.

"బొగ్గురైలు గుద్దితే? జనం తొక్కితే? ఈ సంబంధం వద్దే!"

"అదిగో, తిరనాళ్ల రంగులరాట్నం! ఎక్కుదాం రామ్మా!"

"తెగిపడితే మీ నాయనకేం చెప్పేది?"

కూతురు అప్పటికే రాట్నం తొట్టిలోకి దూకింది.

"లాగబాకే! కోక ఊడతాది!"

"అయితే నువ్వూ ఎక్కు!"

కొంగు వెంట తల్లీ తొట్టిలో పడింది. రాట్నం పైకి లేచింది.

"కళ్లు తెరువమ్మా! అదిగో ఓడలు! ఆ పెంకుటిల్లే పెళ్లికొడుకు వాళ్లది!"

"అబ్బ, ఏం గాలే! కడుపులో గిలిగింతలు పెడతా ఉండాది!"

రాట్నం ఆగింది.

"దిగమ్మా. వాళ్లకేం చెప్తావు?"

"ఇల్లు రాట్నానికి దగ్గరేగా, సరేనని చెబుదాం. ముందు ఇంకోసారి తిప్పమనవే!"