చొక్కా కింద కుందేలు

పరీక్ష బల్ల మీద చొక్కా విప్పి కూర్చున్న, సెలూన్ నడిపే పెద్దాయన, తన గుండె ఆపరేషన్ గాయాన్ని పూడ్చిన ప్లాస్టిక్ సర్జన్‌తో తగువు పెట్టుకోవడానికే వచ్చాడు.

“డాక్టరమ్మా, నేను కత్తెర ఎత్తితే చాలు, చొక్కా కింద ఏదో గంతేస్తోంది. అద్దంలో చూసి కస్టమర్లు నవ్వాపుకోలేక తల ఊపేస్తున్నారు. ఎవరి చెవైనా తెగితే పూచీ మీదే!”

“గంతెయ్యదా మరి, బాబాయ్? చీము పట్టి ఎముక కనబడే గొయ్యి ఉత్త చర్మంతో పూడదని, మీ వీపు కండని చంక కిందుగా ముందుకి తిప్పాం. రక్తనాళం తెంచలేదు కాబట్టే అది బతికింది, గాయమూ మానింది. దాంతోపాటు నరమూ వచ్చింది. మీరు చెయ్యి లేపితే, ఆ కండ ఇంకా వీపు మీదే ఉన్నాననుకుంటోంది.”

“ఇల్లు మారినా పాత బుద్ధి పోలేదన్నమాట!”

“ఆ నరం ఒక్కటి కత్తిరిస్తే కిక్కురుమనదు. కండ కాస్త సన్నబడుతుంది గానీ రక్తం దారి వేరు, ఢోకా లేదు. రేపే చేసెయ్యనా?”

పెద్దాయన చొక్కా చేతిలోకి తీసుకున్నాడు.

“మా మనవరాలు దాన్ని కుందేలంటుందమ్మా.”

“ఎవరూ, వార్డు తలుపు దాటి లోపలికి రానని ఏడ్చిన పిల్లేనా?”

“అదే. గాయం వాసనకి భయపడి నా ఒళ్లోకి రావడమే మానేసింది. ఇప్పుడు నిద్ర లేస్తూనే వచ్చి, ‘తాతయ్యా, కుందేల్ని లేపు’ అంటూ గుండె మీద చెవి పెట్టుకుంటోంది.”

“మరి నరం సంగతి?”

“కస్టమర్లదేముందమ్మా, తల గట్టిగా పట్టుకుంటాలే,” అంటూ ఆయన గుండీలు పెట్టేసుకున్నాడు.