మూడొందల మీటర్లు

డైవింగ్ స్కూల్లో కొత్త దంపతులు రెండు సంస్థల ఫారాలు ముందేసుకుని కూర్చున్నారు.

"ఏ సర్టిఫికెట్టయినా ఎక్కడైనా చెల్లుతుందట. దీనికైతే రెండొందల మీటర్లు ఈదితే చాలు. నాకది మంచినీళ్లు తాగినంత తేలిక. ఇదే రాద్దాం."

"వద్దోయ్. రెండోదాంట్లో కాళ్లకు రబ్బరు రెక్కలు తొడుక్కుని మూడొందలు ఈదొచ్చట. అదే బాగుంది."

"దగ్గరిది వదిలేసి దూరమెందుకు? పెళ్లికి ముందు నదులు ఈదేశానని గొప్పలు చెప్పావుగా!"

"చెప్పాను."

"అంటే... ఈత రాదా?"

"తేలడమే రాదు. మీ అన్నయ్యకి చెప్పకు."

"రెక్కలుంటే మాత్రం మునగవా ఏంటి? ఫారాలు పక్కన పెట్టు. ముందు నేను ఈత నేర్పుతా. ఇక్కడ లోతు తక్కువ కొలనుందేమో అడుగుదాం."

"ఇంతమందిలోనా? పరువు పోతుంది."

"నీ మాటెత్తనులే. ఏమండీ మాస్టారూ, నాకు ఈత రాదండీ! చిన్నపిల్లల కొలను ఎటువైపు?"