తోడు దారం

నా మీద అరిస్తే ఏం లాభం మేడం? ముందా తలుపు తెర వేసేయండి, మీకు పుణ్యముంటుంది. బయట బెంచీ మీద ఆ పిల్ల, మేం పిచ్చుక అని పిలుస్తామే, అది కూర్చుంది, చూశారా? దానికి చెవులు వినపడవు గానీ పెదాలు చదివేస్తుంది. గాజు తలుపు దానికో అడ్డమా!

హమ్మయ్య. లేదండీ, కూర్చోలేను. నిలబడే చెప్తాను.

పిచ్చుకని మా కుట్టు హాల్లోకి తెచ్చినప్పుడు మీరేం చేశారు? గోడకి 'ఇక్కడ అందరూ మనవాళ్లే' అని బోర్డు తగిలించి, నా యూనిఫాం చొక్కాకి 'తోడు' అని బిళ్ల గుచ్చారు. అంతేగా? ప్రమాద గంట మోగితే దానికెలా తెలుస్తుందని ఒక్కరైనా అడిగారా? మేమిద్దరమే ఉపాయం చేసుకున్నాం. బల్లల కిందనుంచి ఒక దారం. ఒక కొస దాని మణికట్టుకి, ఇంకో కొస నా మణికట్టుకి. నేను లాగితే అది తిరిగి చూస్తుంది.

ఆర్నెల్లు బాగానే సాగింది. కానీ మాటిమాటికీ లాగేది మేడం! సూది విరిగితే లాగు, సూపర్‌వైజర్ ఏమన్నాడో చెప్పమని లాగు, నవ్వొస్తే లాగు. నా చెయ్యి నాది కాకుండా పోయింది. పైగా ఆవేళ ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చిన పెద్దలు దాన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. నన్నేమో "కొంచెం పక్కకి జరగమ్మా" అన్నారు. పన్నెండేళ్ల సర్వీసు నాది! కడుపు మండదా?

ఆ మధ్యాహ్నమే ఇస్త్రీ గదిలో పొగ. గంట మోగింది. మెట్ల మీద పడి పరుగో పరుగు. కిందకొచ్చాక తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. పిచ్చుక లేదు మేడం. పైన అది తల వంచుకుని కాలరు కుడుతూనే ఉందట, కళ్లు మండేదాకా. వాచ్‌మన్ మోసుకొచ్చాడు.

ఇప్పుడు మీరేమో ఇలాంటివాళ్లకి ఇక్కడ క్షేమం కాదు, ఇంటికి పంపేద్దాం అని రాస్తున్నారు. అదేమో తన వైపు ముడి ఊడిపోయిందని రాసిచ్చిందిట. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. నలుగురిలో నన్ను తిట్టిపోసినా బాగుండేది కదండీ.

ముడి ఊడలేదు మేడం. ఇదిగో, నా కొస జేబులోనే ఉంది. కత్తెర గాటు కనిపిస్తోందా? ఫోటో అయ్యాక నేనే కోశాను. ఒక్క పూట ప్రశాంతంగా కుట్టుకుందామనుకున్నా, అంతే. దాని చేతికీ కోసిన కొసే మిగిలింది. అంటే దానికి తెలుసు. తెలిసీ అలా రాసింది.

రాసుకోండి, పోతే నా ఉద్యోగం పోనీ. రేపెలాగో తెలీదు, భయంగానే ఉంది. కానీ దాని మొహం చూడాలంటే అంతకన్నా భయం.

ఏంటండీ? తెర తీసి, దానికి తెలిసేట్టు మళ్లీ మొదట్నుంచి చెప్పాలా?

మీరే తీయండి మేడం. నాకు చేతులు రావట్లేదు.