ఒక్క పగట్లో మూడు ఊళ్ళు

లొకోరొతొందో ఊళ్ళో ఒరోంజో నోరు తెరిచాడంటే అసూంత తన కాఫీ కొట్లో కప్పులు కడగడం ఆపేస్తుంది. కడిగితే చప్పుడవుతుంది, చప్పుడైతే ఒక మాట పోతుంది, ఒరోంజో చెప్పేదాంట్లో ఒక్క మాట పోయినా ఆ తర్వాతది నమ్మడం కష్టం. పాతికేళ్ళుగా అతను గైడు. పొద్దున్న బారి నగరం నుంచి బస్సులో వచ్చిన పరదేశీలకి లొకోరొతొందో, మార్తీనా ఫ్రాంకా, ఒస్తూని, ఈ మూడు పాత ఊళ్ళూ ఒక్క పగట్లో చూపించి, పొద్దు వాలకముందే తిరిగి బస్సెక్కించి పంపెయ్యడం అతని పని. కోతలు కోస్తాడని ఊరందరికీ తెలుసు. తెలిసే కుర్చీలు లాక్కుని మరీ కూర్చుంటారు.

ఆ సాయంత్రం మాత్రం ఒరోంజో సరదాకి మాట్లాడటం లేదు. బల్లకి అవతల టూరు కంపెనీ యజమాని లఫోర్జా కూర్చున్నాడు. బారిలో ఉండాల్సిన పెద్దమనిషి పనిగట్టుకుని కారేసుకుని వచ్చాడంటే ఎందుకో ఒరోంజోకి తెలుసు. చెవికి తగిలించుకునే యంత్రం ఒకటి వచ్చిందట. ఏ ఊళ్ళో ఏ గోడ ముందు నిలబడితే ఆ గోడ కథ దానంతటదే చెబుతుందట. అలసిపోదు, అలగదు, జీతం అడగదు. వచ్చే వారం నుంచి గైడు బదులు అదేనని బస్సు డ్రైవరు మొన్ననే ఒరోంజో చెవిలో ఊదాడు. ఇప్పుడది లఫోర్జా కోటు జేబులోనే ఉంది, ఆయన చెయ్యి అప్పటికే రెండుసార్లు ఆ జేబు దాకా వెళ్ళింది. ఒరోంజోకి తోచిన ఉపాయం ఒక్కటే. ఆ చెయ్యి బయటికి రానివ్వకుండా మాట్లాడుతూనే ఉండాలి.

"ఇవాళ నేను పెద్ద గొప్పేం వెలగబెట్టలేదు లెండి అయ్యగారూ," అని మొదలుపెట్టాడు. "నార్వే వాళ్ళు వచ్చారు, బస్సు నిండా. ఒక్కళ్ళూ తప్పిపోలేదు, అంతే. పొద్దున్నే మన ఊరి సందుల్లోకి తీసుకెళ్ళానా, వాళ్ళలో ఒకాయన కాస్త పుష్టిగా ఉన్నాడు. సందులో ఇరుక్కున్నాడు."

"ఏ సందులో?" అన్నాడు బార్బరు కతాల్దో.

"ఏ సందైతే ఏంటి బావా, మన సందులన్నీ ఒకటేగా. ఏటేటా మన ఆడవాళ్ళు గోడలకి సున్నం వేస్తారు కదా, పాతది గీకుతారా? గీకరు, దాని మీదే వేస్తారు. మా తాత పెళ్ళికి ఆ సందులో గుర్రబ్బండి పట్టిందట. మా నాన్న పెళ్ళికి గాడిద పట్టింది. నా పెళ్ళికి మేమిద్దరం ఒకళ్ళ వెనకాల ఒకళ్ళం నడిచాం. సున్నం మీద సున్నం పడి గోడలు లోపలికి పెరుగుతున్నాయన్నమాట. ఆయన ముందుకీ రాడు, వెనక్కీ పోడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సబ్బు రాశావు," అంది అసూంత.

"సబ్బుకి లొంగే పొట్ట కాదమ్మా అది. గరిటె తెప్పించి గోడ గీకాను. కాస్త గీకితే మా నాన్న కాలం నాటి సున్నం వచ్చింది, ఇంకాస్త గీకితే తాత కాలం నాటిది. నార్వే వాళ్ళు ఒక్కో పెచ్చూ చేతిలోకి తీసుకుని, ఎంత మురిసిపోయారనుకున్నారు. ఇంకా గీకుతున్నాను, గట్టిగా ఏదో తగిలింది. చూద్దును కదా, చొక్కా గుండీ. గుండీ వెనకాల చొక్కా, చొక్కాలో మనిషి. ఎప్పుడో ద్రాక్షకోతల నాడు పీకల దాకా తాగి, గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాడట. మన ఆడవాళ్ళు చూసుకోకుండా గోడతో పాటు అతనికీ సున్నం కొట్టేశారు."

"పోయాడా?"

"ఎందుకు పోతాడు? చల్లగా పడుకున్నాడు కదా. కళ్ళు తెరిచి, రాజుగారు బాగున్నారా అని అడిగాడు. రాజులు పోయి చాలా కాలమైంది పెద్దాయనా అన్నాను. మరి మా ఆవిడో అన్నాడు. ఆవిడా పోయిందన్నాను. కాసేపు ఆలోచించి, అయితే ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు."

అసూంత నవ్వలేక కడుపు పట్టుకుంది. లఫోర్జా మీసం ఒక పక్కకి కదిలింది. జేబులో ఉన్న చెయ్యి పంచదార కోసం బల్ల మీదికి వచ్చింది. ఒరోంజో అది చూసుకుని కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు.

"అక్కణ్ణించి మార్తీనా ఫ్రాంకా వెళ్ళాం," అన్నాడు.

ఆ మాటకి అసూంత, కతాల్దో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాని ఇద్దరూ పెదవి కదపలేదు. ఊరివాడి కూటి దగ్గరికి వచ్చేసరికి ఆ ఊళ్ళో వాళ్ళకి చూసింది కూడా గుర్తుండదు.

"మార్తీనాలో వాళ్ళని చర్చి ముందు నిలబెట్టి, దాని మీదున్న దేవదూతల్ని చెక్కిన శిల్పి కథ ఎత్తుకున్నాను. వాడికి రెక్కలు ఎలా ఉంటాయో తెలియక ఊళ్ళో కోళ్ళన్నిటినీ పట్టుకుని మంచం కింద దాచాడు, వాటి సొంతదారులంతా కర్రలు పట్టుకుని వచ్చారు. సరిగ్గా ఆ ఘట్టంలో ఉన్నాను, నా నెత్తి మీద రాతిపొడి రాలింది. పైకి చూస్తే ఏముంది, దేవదూతలు కథ వినడానికి కిందికి వంగుతున్నారు. ఒకడైతే నడుం దాకా వచ్చేశాడు. కింద చంటిపిల్లలున్నారు, మీద పడితే ఎవరు దిక్కు? వెనక్కి జరిగి వినరా నాయనా, నా గొంతు అక్కడికీ వినబడుతుంది అన్నాను. బుద్ధిమంతుడు, జరిగాడు. కాకపోతే పక్కవాడి చోట్లోకి జరిగాడు. ఇప్పుడు ఒకళ్ళు నిలబడే చోట ఇద్దరు ఒరుసుకుంటున్నారు. కావాలంటే వెళ్ళి చూసుకోండి."

"నార్వే వాళ్ళు ఫోటో తీసే ఉంటారే?" అన్నాడు లఫోర్జా.

"తీశారయ్యా. కదిలితే మసగ్గా వస్తుందని తమకి నేను చెప్పాలా?"

లఫోర్జా నవ్వు దాచుకోవడానికి కాఫీ తాగాడు. తాగేసి కప్పు పక్కన పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు, వచ్చిన పని చల్లారిపోకముందే చెప్పేద్దామనుకున్నాడు. "ఒరోంజో, అసలు నేనెందుకు వచ్చానంటే..." అంటూ మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాడు.

"వస్తున్నానయ్యా, ఒస్తూనికే వస్తున్నా," అని ఒరోంజో గబగబా అందుకున్నాడు. గొంతు ఇంకా పైకి లేచింది. "ఒస్తూనిలో ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని చిట్టి చెవుల పాస్తా చేస్తోంది. చెయ్యని ఇల్లు ఎక్కడుంది, మీరూ తింటారు, నేనూ తింటాను. పిండి ముక్క తీసుకుని బొటనవేలితో నొక్కి తిప్పితే చిన్న చెవి. కాని ఆవిడ వేగం చూడాలి. వేలు కనబడదు. చెవి తయారైందో లేదో చేతిలోంచి లేచి ఎగిరిపోతోంది. ఒకటి కాదు, గుంపులు గుంపులు. కొండ మీద గాలి కదా, ఇళ్ళ కప్పుల మీంచి, ఆలివ్ తోటల మీంచి, సముద్రం దాటి సరాసరి అల్బేనియాలో పడతాయట. అక్కడివాళ్ళు మధ్యాహ్నమయ్యేసరికి ఎసరు పెట్టుకుని, గిన్నెలు పట్టుకుని వాకిట్లో నిలబడతారు."

"మరి సాసు?" అన్నాడు కతాల్దో.

"సాసు వాళ్ళే చేసుకోవాలి. అన్నీ ఈవిడే చెయ్యాలంటే ఎలా బావా? నూట పదేళ్ళ మనిషి. పళ్ళు ఎప్పుడో పోయాయి, ముడతలు పక్కకి జరిపితే గాని మొహం దొరకదు, నడుం వంగి గడ్డం వచ్చి మోకాలికి..."

గుమ్మం దగ్గరి బల్ల మీద ఠక్కున గ్లాసు పెట్టిన చప్పుడైంది. అక్కడ బాదంపాలు తాగుతున్న నున్సియాత లేచి నిలబడింది. డెబ్బై దాటినా జుట్టుకి రంగు వెయ్యడం మానని మనిషి.

"ఎవర్రా నూట పదేళ్ళ ముసలిది?"

ఒరోంజో కుర్చీలోంచి సగం లేచాడు.

"అత్తా, నిన్ను కాదు..."

"నన్ను కాకపోతే ఎవర్ని? అయ్యా, వీడి పొట్ట కొట్టడం ఎందుకని ఇప్పటిదాకా నోరు నొక్కుకుని కూర్చున్నాను. ఇంక నా వల్ల కాదు. మీ బస్సు పొద్దున్న రైలు గేటు దగ్గర పొగలు కక్కి ఆగిపోయింది, సాయంత్రం దాకా కదల్లేదు. వీడు ఏ మార్తీనాకీ పోలేదు, ఏ ఒస్తూనికీ పోలేదు. మా ఊరినే మూడుసార్లు తిప్పాడు. పొద్దున్న కింది వైపు నుంచి తెచ్చాడు, అది లొకోరొతొందో. తర్వాత ద్రాక్షతోటల వెంబడి నడిపించి పక్క వైపు నుంచి తెచ్చాడు, అది మార్తీనా అట. మధ్యాహ్నం భోజనంలో తెల్ల వైను పట్టించి పై వైపు నుంచి తెచ్చాడు, అది ఒస్తూని అట. మా ఊరు గుండ్రంగా ఉంటుంది. తెలియనివాళ్ళకి మొదలేదో చివరేదో తెలిసి చావదు. మూడు ఊళ్ళలోనూ గుమ్మంలో కూర్చుని చెవులు చేసింది నేనే. ఊరికో కండువా మార్చాను. మార్తీనాలో నేను నా చెల్లెలినట, సరేనని చెల్లెలి లాగే నవ్వాను. ఇంత చేస్తే, ఒస్తూనికి వచ్చేసరికి నన్ను నూట పదేళ్ళదాన్ని చేస్తాడా? ఇంకో చెల్లెలు ఉండకూడదా నాకు?"

లఫోర్జా కొట్లో ఉన్న అందరి మొహాలూ ఒకసారి కలయజూశాడు.

"ఊరంతా ఇందులో ఉందా?" అని అడిగాడు లఫోర్జా.

కతాల్దో గొంతు సవరించుకున్నాడు. "నేను మూడు ఊళ్ళకీ బార్బరునే సార్. మూడో ఊళ్ళో తెల్లకోటు విప్పేశాను."

"మరి చర్చి గంట గోపురం? అది ఒకటేగా?"

"మూడూ ఒకే మేస్త్రీ కట్టాడని చెప్పాడు," అంది అసూంత, కళ్ళెత్తకుండా.

పాతికేళ్ళలో ఒరోంజో చేసిన నిజమైన ఘనకార్యం అదొక్కటే, దాన్ని కప్పిపుచ్చడానికే ఇన్ని కోతలు కోశాడు. యజమాని చెప్పకముందే తన పని అయిపోయిందనుకున్నాడు. లఫోర్జా జేబులోంచి యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు. బఠానీ గింజంత ఉంది. దీనికా ఇంత భయపడ్డాను అనుకున్నాడు ఒరోంజో, అనుకున్నా భయం పోలేదు.

"తిరిగి వెళ్తూ బస్సులోంచి వాళ్ళు నాకు ఫోను చేశారు," అన్నాడు లఫోర్జా. "మూడు ఊళ్ళూ బాగున్నాయన్నారు. ఒస్తూనిలో సముద్రం మరీ బాగుందన్నారు. ఒస్తూని కొండ మీంచి సముద్రం కనబడుతుంది, నిజమే. ఇక్కణ్ణించి కనబడదు కదా. వాళ్ళకి నువ్వేం చూపించావు?"

ఒరోంజో ఈసారి ఎవరివంకా చూడలేదు.

"అత్త ఇంటి పక్కన ఊరి గోడ ఉంది కదయ్యా, దాని మీద కూర్చోబెట్టాను. ఎండ కళ్ళలో పడుతోంది, కళ్ళు మూసుకోండన్నాను. చిన్నప్పుడు మా నాన్న ఏడాదికి ఒక్కరోజు నన్ను బండి మీద సముద్రానికి తీసుకెళ్ళేవాడు. అదే చెప్పాను. ఆలివ్ చెట్లలోంచి పోతుంటే ముందు వాసన వస్తుంది. తర్వాత చప్పుడు వినబడుతుంది. నాన్న బండి ఆపి, ఇంక నువ్వే పరిగెత్తరా అనేవాడు. అంతే చెప్పాను. కళ్ళు తెరిచి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్ళే తెరవలేదు చాలాసేపు."

కతాల్దో తల ఊపాడు. "ఇదీ కోతే సార్. వీడు ఏడిపించే కోతలు కూడా కొయ్యగలడు."

"ఇది కోత కాదు," అంది నున్సియాత. కోపం పూర్తిగా పోలేదు గాని గొంతు తగ్గింది. "నేను అక్కడే ఉన్నాగా. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి ఈ ఊరి గోడ దాటలేదు నేను. వీడు చెబుతుంటే నేనూ కళ్ళు మూసుకున్నాను. తడుస్తాయేమోనని చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాను."

లఫోర్జా కాసేపు యంత్రం వంక చూశాడు. తర్వాత దాన్ని తీసి జేబులో వేసుకుని లేచాడు.

"రేపు వేరే బస్సు పంపిస్తాను. నువ్వే తిప్పు ఒరోంజో, రేపే కాదు, ఎల్లుండీ, ఆ పైనా. మూడు ఊళ్ళూ మాత్రం మూడు చోట్ల ఉండాలి."

ఒరోంజో యజమాని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు నిండితే తల దించుకున్నాడు.

గుమ్మం దాటబోతూ లఫోర్జా నున్సియాత దగ్గర ఆగాడు. "రేపు ఈ పెద్దమ్మని కూడా బస్సులో ఎక్కించుకో. ఒస్తూని తీసుకెళ్ళి సముద్రం చూపించు."

నున్సియాత గ్లాసులో మిగిలిన బాదంపాలు తాగేసి, మూతి తుడుచుకుంది.

"ఇవాళేగా చూశాను, మళ్ళీ ఎందుకూ?" అంది.