మబ్బుల దాకా పోయిన గడ్డి మిషన్

కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా నాగమ్మ టీ కొట్టు. ఆ సాయంత్రం అక్కడ అబ్దుల్ సత్తార్ నోరు మామూలుకన్నా ఎక్కువే ఆడుతోంది. కారణం ఉంది. ఎదురు బల్ల మీద ఫ్యాక్టరీ కాలనీ గెస్ట్‌హౌస్ గుమాస్తా బాలసుబ్రహ్మణ్యం కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. గెస్ట్‌హౌస్ పచ్చికకు తోటమాలి కావాలట. అక్కడి గడ్డి కోసే మిషన్ మొరాయిస్తోందట, దాన్ని బాగుచేసేవాడైతే మరీ మంచిదట. పద్దెనిమిదేళ్లు కువైట్‌లో సేటు బంగళా పచ్చికను కోసి వచ్చిన సత్తార్‌కు ఆ పని మీదే ప్రాణం కొట్టుకుంటోంది. తడి గడ్డి మీద ఒట్టి కాళ్లతో నడిచి రెండేళ్లయింది మరి. కానీ నోరు తెరిచి అడగడం అతనికి చేతకాదు. చేతనైనదల్లా చెప్పడమే.

“అందరూ కువైట్ నుంచి దుప్పట్లు, టీవీలు తెస్తే నేను గడ్డి మిషన్ తెచ్చుకున్యా. నిన్నగాక మొన్న అది ఇంటికాడ ఆగిపాయ. తాడు గుంజితే దగ్గుతాది, మళ్లా గుంజితే మళ్లా దగ్గుతాది. ప్రొద్దుటూరు మెకానిక్కులకు చూపిస్తే, ఇదేంది భాయ్, పీటకు చక్రాలు పెట్టినావా అన్యారు. సరేలే అని నేనే ఇప్పినా. ప్లగ్గు బొగ్గయింది. మా ఇంటామె ఖాతూన్‌బీ సూది తీసుకోని గీకినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“స్టార్టయింది,” అన్నాడు ఆటో నయీం.

“యాడ! పెట్రోలంతా ఒలికిపాయ. మా పెండ్లప్పటి అత్తరు బుడ్డి దాచిపెట్టింటే అదే పోసినా. ఒక్క గుంజుడుకు లేసింది! పొగ గూడా గులాబీ వాసనే. ఇంగ అది నిలిస్తే గదా? ప్రొద్దుటూరు దాటె, జమ్మలమడుగు దాటె, పెన్న ఇసుకలో పోతాంటే ఎనకాలంతా పచ్చగా మొలుస్తాంది. గండికోట కాడ బ్లేడు ఒక నొక్కు కిందికి దిగింది. ఆ కొండ మధ్యన అంత లోతు లోయ ఎట్లొచ్చిందనుకున్యారు?”

“అది మా తాతల కాలం నుంచీ ఉండాది గదా మామా?” అన్నాడు నయీం.

“ఉండాది. అప్పుడు మోకాలి లోతు.”

బాలసుబ్రహ్మణ్యం చేతిలో గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. సత్తార్ దాన్ని మెప్పనుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ అప్పటికే అతని కళ్లు మూతలు పడ్డాయి, గొంతు మెత్తబడింది.

“ఆడ్నుంచి పైకి లేసిందప్పా. ఎవురూ కొయ్యక మబ్బులు శానా పెరిగిపోయుండాయి. చెప్పులిడిసి వాటి మీద నడుచుకుంటా కోసినా. సల్లగా, మెత్తగా, అరికాళ్ల కింద తడి. కోసిన ముక్కలు కిందికి రాలితే పులివెందుల నుంచి సింహాద్రిపురం దాకా చీనీకాయల తోటల మీద సన్నగా తుంపర. ఆ పొద్దు ఎవురూ బోరు మోటర్లు ఎయ్యలేదు. చెట్ల కింద పడుకోని పైకి చూస్తాండారు, అంతే.”

రోడ్డు మీద ఫ్యాక్టరీ బూడిద మోసే లారీలు పోతూనే ఉన్నాయి, అయినా కొట్టులో అందరికీ ఆ తుంపర మొహాన పడ్డట్టే ఉంది. నాగమ్మయితే పొయ్యి మీద పాలు పొంగేదాకా చూసుకోలేదు. ఆ పొంగిన పాలే ఆమెను కిందికి దించాయి.

“సత్తారన్నా, నిన్న ఖాతూన్‌బీని చూడనీకి మీ ఇంటికొచ్చినా. వాకిలి నుంచి గోడ దాకా అంతా నాపరాయే గదా. నీ మిషన్‌కు కొయ్యనీకి గడ్డి యాడుందన్నా?”

నయీం పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరూ నవ్వారు. సత్తార్‌కు మాత్రం చేతికందిన పని జారిపోయినట్టే అనిపించింది.

బాలసుబ్రహ్మణ్యం గ్లాసు కింద పెట్టాడు. “అవును సత్తారూ. కోసే గడ్డే ల్యాకపోతే మిషన్ ఎట్లా చెడిపోయింది?”

సత్తార్ తల వంచుకున్నాడు. ఈసారి మాట చిన్నగా వచ్చింది.

“కొయ్యకనే చెడిపోయింది సార్. రెండేండ్లు పెట్రోలు ట్యాంకులోనే నిలవుండి కార్బురేటర్‌లో జిగురు పట్టింది. ఇప్పి, కొత్త పెట్రోలుతో కడిగి, సన్న తీగతో దాని బెజ్జం పొడిస్తే లేసింది. అంతే. గడ్డి ఉండాదనుకోని నాపరాయి మీదనే కొంచేపు తిప్పుకున్యా.”

ఎవరూ నవ్వలేదు. బాలసుబ్రహ్మణ్యం లేచి కండువా దులుపుకున్నాడు.

“మాది గూడా ఎండాకాలమంతా ఊరికే నిలబడే ఉండాది. రేపు పొద్దున్నే రా,” అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “అత్తరు మాత్రం ఇంట్లోనే పెట్టి రా.”