ఫ్లెక్సీ మీద అక్క

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల వ్యాను కోసం నిలబడ్డ కరుణాకుమారికి, ఎంబీఏ చదివిన కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు నుంచి రెండేళ్ల తర్వాత ఫోన్ వచ్చింది.

“సినిమా కంపెనీలో స్థిరపడ్డావటగా అమ్మా?”

“గుంపులో నిలబడతాను సార్. ఇవాళ పెళ్లి సీను.”

“అదీ ఉద్యోగమేగా! మేమే ఇప్పించామని రాసుకున్నాం.”

“మీరా? ఏడాదిపాటు మీ గది చుట్టూ తిరిగాను. బయోడేటా ఎలా రాయాలంటే నెట్‌లో చూసుకోమన్నారు.”

“పన్నెండు వందలమందికి నేనొక్కణ్ణే తల్లీ. నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఇన్ని ఉద్యోగాలని చూపించకపోతే నన్నూ పొమ్మంటారు.”

ఆమె కోపం కాస్త చల్లారింది.

“సరే, ఇప్పుడేం కావాలి సార్?”

“ఏమీ వద్దు. మీ ఊళ్లో నీ ఫొటోతో ఫ్లెక్సీ కట్టాం. అది చూసి మీ చెల్లి నిన్న మా కాలేజీలో చేరింది. అక్కలాగే అవుతుందట!”

వ్యాను వచ్చి ఆగింది. కరుణ కదల్లేదు. సినిమా కంపెనీలో మేనేజరు ఉద్యోగమని ఇంట్లో చెప్పింది ఏ కాలేజీ కాదు, తనే. వ్యాను వెళ్లిపోయాక చెల్లికి ఫోన్ చేసింది.

“అక్కా! ఆఫీసులో లేవా?”

“సుగుణా, నాకు ఆఫీసు లేదే. ఎప్పుడూ లేదు.”