హిందీలో ఒక్కసారి చెప్పు నాన్నా

ఊరూ వాడా కరోనా పేరు చెబితే హడలిపోతున్న మార్చి నెల. భిలాయి సెక్టర్ 7లోని క్వార్టర్లో, డ్యూటీ దిగి వచ్చిన శశిధర్ చొక్కా అయినా మార్చకుండా ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. అవతల కూతురు ఇంద్రజ. మిషనరీ సేవకని ఆఫ్రికాలోని లుసాకా వెళ్ళి ఏడాది దాటింది.

"ఆగాగు. మళ్ళీ చెప్పు. ఎవరికి జ్వరం?"

"రూంలో నాన్నా. మా రూంలో బుఖార్ వచ్చింది."

"రూముకి జ్వరమొస్తాదేటమ్మా! నీ తెలుగు తగలెయ్య. ఆ జశ్‌పూర్ పిల్లకేనా? నీతో ఉంటాది, సలోమీ?"

"నువ్వు ముందు కంగారుపడకు."

"కంగారెవడు పడతన్నాడు! కూర్చోలేక నించుని మాట్లాడతన్నాను, అంతే. ఎప్పట్నించి?"

"నిన్నట్నించి. రాత్రి బాగా పెరిగింది."

"దేవా! నిన్నట్నించి జ్వరమైతే ఇప్పుడా ఫోను? మీ మిషన్ వాళ్ళకి చెప్పారా?"

"పొద్దున్న చెప్పాం. డాక్టర్ని పంపిస్తామన్నారు. ఇంకా రాలేదు."

"టిక్కెట్టు? టిక్కెట్టు సంగతి చెప్పు ముందు."

"ఉంది నాన్నా. అందర్నీ వెనక్కి పంపించేస్తున్నారు. మా ఇద్దరికీ రాత్రికి ఫ్లైట్. బండి కాసేపట్లో వస్తుంది."

"హమ్మయ్య. విను తల్లీ, ఇదే ఆఖరు. ఎల్లుండి నించి బయటి విమానం ఒక్కటీ మన దేశంలో దిగనివ్వరట. పొద్దుట్నించి టీవీలో అదే గోల. ఇది తప్పిందంటే మళ్ళీ ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. వింటన్నావా?"

"వింటున్నాను. జ్వరం ఉన్నవాళ్ళని ఎక్కనివ్వరు కదా?"

"ఎలా ఎక్కనిస్తారు? నుదుటి మీద తుపాకీలాంటిది పెట్టి చూస్తన్నారట."

"అయితే ఒకళ్ళు ఉండిపోవాలి."

"ఉండిపోవాలి మరి. ఏం చేస్తాం?"

"ఒక్కళ్ళేనా?"

"ఇందూ, ఎవరది దగ్గుతంది?"

"ఇక్కడే."

"అంటే ఆ పిల్ల నీ పక్కనే ఉందా? బుర్ర ఉందా నీకు? దూరంగా పో! కిటికీ దగ్గరికి పోయి మాట్లాడు. తెలుగులోనే మాట్లాడు, దానికి అర్థం కాకూడదు."

"తనకి తెలుగు రాదులే. ఉన్నది ఒక్కటే గది, ఎక్కడికి పోను?"

"నీ గొంతేటలా బొంగురుపోయింది?"

"ఏడ్చాను."

"ఎందుకేడవడం! వేడినీళ్ళు తాగు. ఏమైనా తిన్నావా?"

"తినాలనిపించట్లేదు. నాన్నా, నేనొకటి అడుగుతాను, సీదా చెప్పు. మాకు రూల్ ఉంది కదా, ఎక్కడికెళ్ళినా ఇద్దరిద్దరుగానే వెళ్ళాలి, ఒకర్ని వదిలి ఒకరు కదలకూడదని…"

"రూలు లేదు గీలు లేదు! ఆ రూలు రాసినోళ్ళకి కరోనా తెలుసా?"

"పూరా సునో నా, మొత్తం విను! వదిలేసి వెళ్ళబుద్ధి కాక ఇక్కడే ఉండిపోతానంటే, అది తప్పా?"

"అదుగో! అనుకున్నాను. మొండికేస్తన్నావన్నమాట. మీ అమ్మ పోలికే. నీ కాళ్ళు పట్టుకుంటాను తల్లీ, అలాంటి ఆలోచన పెట్టుకోకు."

"తప్పా, కాదా? అది చెప్పు."

"తప్పే! నూటికి నూరుపాళ్ళు తప్పు. స్టీల్ ప్లాంటులో, కోక్ ఓవెన్స్ బొగ్గు బట్టీల దగ్గర మాకు మొట్టమొదట నేర్పింది ఏటో తెలుసా? గ్యాస్ సైరన్ మోగినప్పుడు లోపల మనిషి పడిపోయుంటే, మాస్కు లేకుండా వాడి కోసం లోపలికెళ్ళకూడదు. సొంత తమ్ముడైనా సరే. వెళ్తే వాణ్ణీ బయటికి తేలేవు, నువ్వూ పోతావు. ఒక శవం కాస్తా రెండు శవాలు."

"శవం అనకు నాన్నా."

"…నోరు జారింది. భయం వేస్తందే. రాయపూర్లో కూడా వచ్చేసిందట. ఇక్కడ ఎవరైనా తుమ్మితే చాలు, షిఫ్టు మొత్తం వెనక్కి తిరిగి చూస్తన్నారు."

"అమ్మేదీ?"

"క్యాంప్ 2లో, చర్చిలో. ఉపవాస ప్రార్థన. వద్దన్నా వినలేదు. కూతురు విమానం దిగేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదట."

"అమ్మకి ఇప్పుడే చెప్పకు."

"ఏటి చెప్పేది? ఆ పిల్ల సంగతా? చెప్తే ఇంకేమైనా ఉందా! నువ్వు దిగాక చెప్దాం."

"జ్వరంలో ఒక్కళ్ళనే వదిలేస్తే, నీళ్ళెవరిస్తారు నాన్నా? రాత్రి లేవలేకపోతే?"

"మీ మిషన్ వాళ్ళున్నారు. డాక్టరొస్తాడు. నువ్వేమైనా డాక్టరువా? నువ్వుండి చేసేదేటి?"

"తడిగుడ్డ వేస్తే కొంచెం తగ్గింది. చెయ్యి పట్టుకుంటే నిద్ర పట్టింది."

"చెయ్యి పట్టుకున్నావా! ఇందూ!"

"సండే స్కూల్లో మాకు నువ్వు నేర్పింది ఇదేనా నాన్నా? వదిలేసి పొమ్మనా?"

"అది సండే స్కూలు. ఇది ప్రాణం. నన్ను దెప్పకు తల్లీ. పరాయి ఆడపిల్లని చావనీ అంటానా నేను? దాని కోసం ఈ రాత్రంతా మోకాళ్ళ మీద ఉంటాను, ఒట్టు. కానీ వెళ్ళగలిగినోళ్ళు వెళ్ళాలి. అది పాపం కాదు."

"నిజంగా? పాపం కాదా?"

"కాదు. చర్చి పెద్దగా చెప్తన్నాను. ఉంటే ఇద్దరికీ అంటుకుంటాది. వెళ్తే ఒకరైనా తల్లిదండ్రుల దగ్గరికి చేరతారు. ఇందులో ఆలోచించడానికేముంది?"

"వెళ్ళాక జీవితమంతా బాధపడితే?"

"బాధపడాలన్నా బతికుండాలి కదా."

"నాన్నా… ఇదే హిందీలో ఒక్కసారి చెప్పు."

"హిందీలోనా? ఎందుకూ?"

"తెలుగులో నాకు సగమే ఎక్కుతుంది, నీకు తెలుసు కదా. పెద్ద మాటలు హిందీలో అయితేనే దిల్‌లోకి వెళ్తాయి."

"ఇంతదాన్ని చేశాను గాని తెలుగు నేర్పలేకపోయాను నీకు. మీ అమ్మ అంటూనే ఉంటాది. సరే గాని, హిందీ అయితే ఆ పిల్లకి అర్థమైపోద్ది కదే!"

"అవనీ."

"అవనీ ఏటి? జ్వరంలో ఉన్న పిల్ల వినేలాగ ఎలా అంటాను? నాకు సిగ్గు లేదా?"

"ముఖం మీద నేను చెప్పలేకపోతున్నాను నాన్నా. పొద్దుట్నించి అదే గొడవ. నువ్వు పెద్దవాడివి, నువ్వంటే తప్పు అనిపించదు. స్పీకర్ పెడతాను. నాతో అన్నట్టే అను."

"వద్దు తల్లీ. నా వల్ల కాదు."

"బండి వచ్చేసింది నాన్నా. కింద హారన్ కొడుతున్నారు. నువ్వు అనకపోతే ఎవరూ ఎక్కరు. రెండు సీట్లూ ఖాళీగా పోతాయి."

"అంత మాటనకు! అంటాను. అంటాను, ఆగు. పెట్టావా స్పీకరు?"

"పెట్టాను."

"బేటీ… సున్. ఛోడ్ దే ఉసే. తూ నికల్ జా. పాప్ నహీ హై. తేరే మా-బాప్ తేరీ రాహ్ దేఖ్ రహే హై. జా బేటీ, అభీ జా… వదిలేసి వెళ్ళిపొమ్మన్నాను, పాపం కాదన్నాను. వినిపించిందా?"

"వినిపించింది."

"ఆ పిల్ల ఏడుస్తందా?"

"ఏడుస్తోంది."

"నన్ను క్షమించమని చెప్పు. వాళ్ళ నాన్న ఫోన్ నంబరుంటే ఇయ్యి, నేనే మాట్లాడతాను. ఆయన నన్ను తిట్టినా పడతాను. నువ్వు లేచావా? బ్యాగు తీసుకున్నావా?"

"తీసుకుంది."

"తీసుకుంది ఏటే? తీసుకున్నాను అనాలి."

"చెప్పులేసుకుంటోంది నాన్నా. తలుపు దగ్గరుంది. నీకు నమస్తే చెప్పమంటోంది."

"ఎవరు? సలోమీయా? జ్వరంతో లేచి ఎక్కడికెళ్తాది?"

"ఎయిర్‌పోర్టుకి."

"ఇందూ… ఒరే ఇందూ. నువ్వెక్కడున్నావే?"

"మంచం మీద. జ్వరం తనకని నేను ఒక్కసారైనా అన్నానా నాన్నా? 'మీ నాన్న చెప్తే తప్ప నిన్ను వదిలి కదలను' అంది సలోమీ."